రక్తంలో లేదు సరే, కార్జంలో?

ఈమధ్య ఫార్మసీ చదివిన అమ్మాయి ఒకామె హిందూపురంలో మా ఇంటికి వచ్చింది. నేను ఉద్యోగం చేసిన ల్యాబులోనే ఆమెకూ ఉద్యోగం దొరికిందట. "మేడమ్, మీ పనిలో అన్నిటికంటే కష్టమైంది ఏది?" అని అడిగింది. ఫలానా మిషన్ నడపడం అంటాననుకుని ఫోన్‌లో రాసుకోవడానికి సిద్ధమైంది. "నిద్రపోవడం" అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక ఫోన్ పక్కన పెట్టింది. ఆ పిల్లకు ఆరోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇది. ప్రమోషన్లు, ఆడిట్లు, సంతకాల సంగతులు ఇందులో ఉండవు. అవి చేరిన నెలకే మీకు తెలిసిపోతాయి.

మేం చేసే పని

చెట్టు నుంచి తీసిన ఒక పదార్థాన్ని జంతువుకు తాగిస్తాం. అది పేగుల్లోంచి రక్తంలోకి ఎంత చేరింది, ఎంతసేపటికి చేరింది, రక్తంలోంచి మళ్ళీ ఎక్కడెక్కడికి పోయింది, చివరికి ఏ దారిన బయటికొచ్చింది అని కొలుస్తాం. కొవ్వులో దాక్కుందా, పాలలోకి దిగిందా, కార్జంలో కూర్చుందా అని వెతుకుతాం. కాలేయాన్ని మావైపు కార్జం అంటారు. ఇన్నేళ్ళు ల్యాబులో 'లివర్' అని పలికినా నాకు ఇంట్లో మాటే నోటికొస్తుంది.

"చెట్టు మందే కదా, ఏమీ కాదులే" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉమ్మెత్త కూడా చెట్టే. గన్నేరు కూడా చెట్టే. ఒంట్లోకి పోయాక అది అడవిలో పుట్టిందా, ఫ్యాక్టరీలో పుట్టిందా అని పేగులు అడగవు.

నేను పుట్టుకతోనే భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. మా ఆయన "నీకు జీతమిచ్చి మరీ భయపడమంటున్నారు, అదృష్టవంతురాలివి" అని ఎగతాళి చేసేవాడు. ఆ మాట నిజమే. భయం లేనివాళ్ళు ఈ పనిలో చేరితే వాళ్ళ భయం కూడా పక్కవాళ్ళే పడాల్సి వస్తుంది.

నా మొదటి సారు

నా మొదటి బాసు మడకశిర వైపు మనిషి. మాటల్లో సగం కన్నడం, సగం తెలుగు. పొద్దున్నే వచ్చి, మందు తాగని గొర్రె రక్తాన్ని ముందుగా మిషన్‌లో నడిపించేవాడు. మందు ఉంటే మిషన్ తెర మీద గీత పైకి లేస్తుంది. మందు లేని రక్తంలో ఆ మందు గీత కనపడకూడదు. కనపడితే ఆ రోజుకి మిగతా పని బంద్.

ఒకసారి అలాంటి రక్తంలోనే చిన్న గీత లేచింది. "చాలా చిన్నది కదా సార్, వదిలేద్దాం" అన్నాను.

"చిన్నదో పెద్దదో ఆమేలె నోడోణ, తర్వాత చూద్దాం. యాడ నుంచి వచ్చిందో చెప్పు ముందు" అన్నాడు.

వెతికి వెతికి విసిగిపోయాక, అది సీసా మూతలోని రబ్బరు నుంచి వస్తోందని తేలింది. మూతలన్నీ మార్చాం. పని ఆలస్యమైందని పైవాళ్ళు ఆయన్ని అందరి ముందూ కోప్పడ్డారు. వాళ్ళు వెళ్ళిపోయాక మాతో, "దుడ్లు పెట్టి మిషన్ కొన్నారు గాని దానికి బుద్ధి కొనలేదప్పా. అది మనమే పెట్టాల" అని టీ తాగడానికి వెళ్ళాడు. అంత మంచి బాసు నాకు మళ్ళీ దొరకలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెనుకొండ పల్లెల్లో తీసిన రక్తాన్ని మొదట్లో ఐసుపెట్టెలో పెట్టి బస్సులోనే హిందూపురం తెచ్చేవాళ్ళం. రక్తం తీసే పని అన్వర్‌ది. గొర్రెకు తెలియకుండా మెడనరంలో సూది దించగలిగే మనిషి. ఒకరోజు కండక్టరు పెట్టె చూసి "ఏముండాదప్పా లోపల, చేపలా?" అన్నాడు. "గొర్రె రక్తమన్నా" అన్నాడు అన్వర్ నిజాయితీగా. మా సీటు చుట్టూ ఖాళీ అయిపోయింది. నవ్వుకుంటూ వచ్చాం గాని, ల్యాబులో చూస్తే ఆ కుదుపులకు రక్తమంతా విరిగిపోయి ఉంది. లెక్కలు అడ్డదిడ్డంగా వచ్చాయి. గ్రాఫులో అడ్డంగా వచ్చిన చుక్కలను చెరిపేస్తే మిగతా గీత అందంగా ఉండేది. అలా చెరిపే చెయ్యి ఒకసారి అలవాటుపడితే ఇక ఆగదు. మేం మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టాం.

కొండతీగ

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో జరిగింది.

మా కొండల్లో దొరికే ఒక తీగ ఉంది. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపే ఎవరో ఒకరు తవ్వి తెచ్చి గొర్రెలకు పోస్తారు. దాని వేరులోని పదార్థం గొర్రెల జలగరోగానికి పనిచేస్తుందని మా ల్యాబులో తేలింది. చెరువు అంచున నత్తలున్న చోట మేసిన గొర్రెలకు ఆ రోగం పడుతుంది. జలగలాంటి పురుగు కార్జంలో చేరి రక్తం తాగుతుంది. గొర్రె పాలిపోయి, గడ్డం కింద నీరు దిగి వేలాడుతుంది. మందకు మందే పోతుంది.

ల్యాబు గొర్రెల తర్వాత పల్లె గొర్రెల్లో పరీక్ష పెట్టాం. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే ఒక చిన్న ఊరు. అక్కడ ఓబులమ్మ మందలోని కొన్ని గొర్రెలను తీసుకున్నాం. భర్త పోయాక మంద బాధ్యతంతా ఆమెదే. కొడుకు తిప్పేస్వామి, కోడలు లక్ష్మీదేవి. పరీక్ష గొర్రెల చెవులకు బిళ్ళలు వేశాం. పరీక్ష అయ్యేదాకా వాటిని అమ్మకూడదని ఒప్పందం. మందు పోసిన కొత్తల్లో ఒకదాన్ని తోడేలు పట్టిందన్నారు, లెక్కలోంచి తీసేశాం.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. గడ్డం కింద వాపులు తగ్గాయి. ఓబులమ్మ నన్ను చూస్తే చాలు, "డాక్టరమ్మా, కూసో, రాగిసంగటి తిని పో" అనేది. కొన్ని వారాలకు రక్తంలో మందు గీత తగ్గుతూ తగ్గుతూ మాయమైంది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఒక తేడా కనపడింది. తాగించింది ఎంతో తెలుసు. పేడలో, మూత్రంలో బయటికొచ్చింది ఎంతో కొలిచాం. వచ్చింది తక్కువ. పెళ్ళింట్లోకి వెళ్ళినవాళ్ళను లెక్కపెట్టి, బయటికొచ్చినవాళ్ళను లెక్కపెడితే కొందరు తగ్గారు. అంటే లోపలే ఉన్నారు. ఏ గదిలో?

పని చేసేది కార్జంలోని పురుగు మీద కదా. కార్జంలోనే కూర్చుందేమో అని నాకు గట్టి అనుమానం. గొర్రెల్ని కోసి అవయవాలన్నీ కొలవడం పరీక్షలో చివరి మెట్టు. అక్కడికి మేమింకా చేరలేదు.

పసుపు గుడ్డ

ఒకరోజు రక్తం తీయడానికి వెళ్తే, బిళ్ళ వేసిన పొట్టేలు ఒకటి మెడలో పసుపు గుడ్డతో కనపడింది. అన్వర్ సూది పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏం ఓబులమ్మా, దీనికి పసుపు గుడ్డ ఎందుకు కట్టినావు?" అన్నాను.

"అది అమ్మవారిదమ్మా. పుట్టినప్పుడే మొక్కుకున్నాం. మంగళారం దేవర ఉండాది."

దేవర అంటే మావైపు అమ్మవారికి మొక్కిన జీవాన్ని కోసి, చుట్టాలను పిలిచి పెట్టే పండుగ.

"పరీక్షలో ఉన్నదాన్ని కోస్తారా? అమ్మకూడదని చెప్పినాం కదా."

ఆమెకు నా మాట అర్థం కాలేదు. "అమ్మడం లేదమ్మా. అమ్మవారి సొత్తును నేనెట్ల అమ్ముతా? దీనికి గడ్డం కింద నీరు దిగినాది. రోగమున్నదాన్ని అమ్మకు ఇయ్యకూడదు. అందుకే కదా మీ మందు ముందు దీనికే పోయించినా."

ఆమె తప్పేమీ లేదు. మేం అమ్మకూడదు అన్నాం. మొక్కు తీర్చడం అమ్మకం కిందికి వస్తుందని ఈ పల్లెల్లో ఎవరూ అనుకోరు. కాగితం రాసినవాళ్ళు పల్లెలో ఒక్క పూట కూర్చున్నా ఆ సంగతి తెలిసేది.

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. లక్ష్మీదేవికి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఆరు నెలలు దాటాయి. మొక్కు ఆ బిడ్డ కోసమే. నర్సు వచ్చి రక్తం తక్కువ ఉందని చెప్పిపోయింది. వాళ్ళ ఇంటి పద్ధతి ప్రకారం, కోసిన జీవం కార్జాన్ని నిప్పుల మీద కాల్చి కడుపుతో ఉన్నామెకు ముందు పెడతారు. రక్తం పడుతుందని నమ్మకం.

పెద్దసారు మాట

ల్యాబుకు ఫోన్ చేశాను. అప్పటి మా పెద్దసారు చాలా తెలివైనవాడు, చెడ్డవాడు కాదు. కానీ తెలియదు అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

"రక్తంలో లేదు కదా మేడమ్?"

"రక్తంలో లేదు సార్. కార్జంలో ఉందేమో."

"ఉందేమో అంటే? డేటా ఉందా?"

"లేదు. అందుకే ఆపాలంటున్నా."

"డేటా లేకుండా ఊళ్ళో నోరు తెరిస్తే రేపు ఒక్క పల్లె కూడా మనకు గొర్రెను ఇవ్వదు. మీరు ఊరికే భయపడుతున్నారు. మీకది అలవాటే" అన్నాడు.

అలవాటే. అందుకే రెండు రోజులు నా మీద నాకే అనుమానం. ఇది నిజమైన భయమా, గ్యాస్ కట్టేశానా లేదా అనే భయమా? లెక్కలు తిరగేసి చూశాను. తగ్గింది తగ్గినట్టే ఉంది. సోమవారం అన్వర్‌ను తీసుకుని, ఐసుపెట్టె పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆ ఊరికి బయలుదేరాను.

చుట్టాలు అప్పటికే దిగుతున్నారు. ఓబులమ్మను పక్కకు పిలిచి ఆ కార్జం కోడలికి పెట్టొద్దన్నాను. తిప్పేస్వామి కూడా వచ్చి నిలబడ్డాడు.

"విషమా?" అంది ఓబులమ్మ.

"విషమని చెప్పలేను."

"తింటే ఏం కాదా?"

"అదీ చెప్పలేను."

"మరి ఏం చెప్పడానికొచ్చినావమ్మా ఇంత దూరం?"

"తెలీదని చెప్పడానికొచ్చినా" అన్నాను.

తిప్పేస్వామికి కోపం వచ్చింది. "మందు పోసేనాడు తెలీదంటే మేం పోయించుకుంటుంటిమా? ఇప్పుడొచ్చి దేవర ఆపమంటాండారు. రేపు బిడ్డకేమన్నా అయితే అమ్మవారికి కోపమొచ్చిందంటారు ఊళ్ళో. మీరొచ్చి చెప్తారా?"

అతని కోపం న్యాయమే. ఓబులమ్మ చుట్టాలు దిగుతున్న వైపు చూసింది. చివరికి, "మొక్కు ఆగదు. కోస్తాం. అమ్మకు చూపిస్తాం. తినం. చుట్టాలకు వేరే గొర్రెను కోసి పెడతాం. కార్జం నువ్వు పట్టుకపో. మిగిలింది పూడుస్తాం" అంది.

రాత్రికి అక్కడే ఉన్నాం. మంగళవారం అలాగే చేసింది. అమ్మవారికి కోసినదాన్ని మట్టిలో పెడతారా అని చుట్టాలు మొహానే అన్నారు. ఒక ముసలాయన చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఓబులమ్మ తలవంచుకుని వడ్డిస్తూనే ఉంది. ఆ రోజు ఆమె పోగొట్టుకున్న మర్యాదకు నేను ఏమిచ్చినా సరిపోదు.

గీత

ల్యాబుకు వచ్చి కార్జాన్ని నూరి, వడగట్టి, మిషన్‌లో పెట్టాను. ముందు మందు తాగని గొర్రె కార్జం నడిపించాను. ఏమీ లేదు. తర్వాత ఈ పొట్టేలుది. గీత లేచింది. లేస్తూనే ఉంది. తెర పై అంచు దాటిపోయింది. పలచన చేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. రక్తంలో ఆనవాలు లేని మందు కార్జంలో అంత ఉంది.

పెద్దసారు వచ్చి తెర ముందు నిలబడి చాలాసేపు చూశాడు. "పరీక్ష ఆపేద్దాం" అన్నాడు. ఆపకుండా ఉండడానికి ఆయన సాకులు వెతకలేదు. ఆ మర్యాద ఆయనకు దక్కాలి. ఆ మందు బజారుకు రాలేదు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. గండం తప్పింది అనుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఓబులమ్మ దగ్గరికి పరుగెత్తాను. దొడ్లో ఒంటరిగా ఉంది. చెప్పాను. ఆమె మొహంలో రక్తం లేదు.

"ఒక మాట చెప్తే ఎవరికీ చెప్పవు కదా?" అంది. "మీకు ఒక గొర్రెను తోడేలు పట్టిందని చెప్పింటిమి. తోడేలు కాదమ్మా. కాలు విరిగింటే కోసినాం. చెవి బిళ్ళ నేనే పీకేసినా. దాని కార్జం లక్ష్మీదేవే తినె. కోడలికి తెలీదు. చెప్పొద్దు. చెప్తే అది దిగులుతోనే పోతాది."

అది దేవరకు ముందు జరిగింది. మందు తాగించి ఇంకా ఎక్కువ రోజులు కాలేదు. అంటే ఆ కార్జంలో ఈ పొట్టేలు కార్జం కంటే ఎక్కువే ఉండి ఉంటుంది.

ఎదురుచూపు

ధర్మవరంలో లక్ష్మీదేవిని చూసే డాక్టరమ్మకు ఉన్నదంతా చెప్పాను. ఓబులమ్మ ఎవరికీ చెప్పొద్దన్నా ఇది దాచే సంగతి కాదు. ఆమె ఓపికగా విని, "మీరు కొలిచింది గొర్రెలో. నాకు మనిషి సంగతి చెప్పండి" అంది. అదెవరికీ తెలియదు. ఆమె స్కానింగులు ఎక్కువసార్లు చేయించింది, రక్తపరీక్షలు చేయించింది. రక్తం తక్కువ కాబట్టి అని లక్ష్మీదేవికి కారణం చెప్పింది. అది అబద్ధం కాదు.

ప్రతి పరీక్షకూ నేను పని ఉందని వంక పెట్టి ధర్మవరం వెళ్ళేదాన్ని. బాగుంది అంటే, ఈసారికి బాగుంది అనుకునేదాన్ని. ఫోన్ మోగితే ఎత్తేదాన్ని కాదు. మా ఆయన ఎగతాళి మానేశాడు. ఫోన్ తనే ఎత్తి, ముందు తను విని, నాకిచ్చేవాడు.

ఆడపిల్ల పుట్టింది. బరువు కాస్త తక్కువ, అంతే. ఓబులమ్మ ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇద్దరం ఏడ్చాం. అందరూ సంతోషంతో అనుకున్నారు. సంతోషమే. కానీ పిల్ల నడిచేదాకా, మాట్లాడేదాకా, బడికి పోయేదాకా నేను చూస్తూనే ఉన్నాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఏదో ఒక సాకుతో పోయి, పిల్ల కళ్ళు, గోళ్ళు, నడక చూసి వచ్చేదాన్ని. పిల్ల చక్కగా ఉంది. నా మనసే కుదుటపడలేదు.

మొన్న వెళ్ళినప్పుడు ఓబులమ్మ మందతో బయటికి పోయి ఉంది. ఇంట్లో లక్ష్మీదేవి ఒక్కతే. పిల్ల బడికి పోయింది. నాకు మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, "డాక్టరమ్మా, మీరు నా బిడ్డను అంతగా ఎందుకు చూస్తారో నాకు తెలుసు" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆ కాలు విరిగిన గొర్రె తలకాయ కాల్చింది నేనే కదమ్మా. చెవికి బిళ్ళ పీకిన బెజ్జం ఉండె. దేవర ముందునాడు మీరొచ్చి మాట్లాడింది గోడ ఇవతల నుంచి విన్నా. అప్పుడే తెలిసిపాయె."

"ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదా?"

"ఎవరితో అనాల? చెప్తే మా అత్త బతకదు అనుకుంటి. ఆయమ్మ నాకు తెలీదనుకుని నెమ్మదిగా ఉండె. ఉండనీ అనుకుంటి."

లక్ష్మీదేవి దిగులుపడకూడదని నేనూ ఓబులమ్మా మోసిన భయాన్ని, ఆమె కడుపులో బిడ్డతో పాటు ఒంటరిగా మోసింది. ఆమె కొంగు సర్దుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు గమనించాను.

"మళ్ళీ నెల తప్పిందమ్మా. నాలుగో నెల. అది ఇంకా నా ఒంట్లో ఏమన్నా ఉంటాదా? నా కార్జంలో? ఈ బిడ్డకు పోతాదా?"

ఎన్నో ఏళ్ళు నేను ఏ ప్రశ్నకూ 'కచ్చితంగా' అనే మాట వాడలేదు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు నా దగ్గర ఉంది. పరీక్ష ఆపాక మిగిలిన గొర్రెలను ఒక్కొక్కటిగా కోసి కొలిచాం. ఎంత మొండిగా కూర్చున్నా, కొన్ని నెలలకు కార్జం కూడా ఖాళీ అయింది. మనిషిలో దానికి కొన్ని రెట్లు పట్టినా, ఇన్నేళ్ళు నిలవదు.

"లేదు లక్ష్మీదేవీ. అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు నీ ఒంట్లో లేదు" అన్నాను.

ఆమె నా మొహంలోకే చూస్తూ, "ఇంకొకసారి చెప్పమ్మా" అంది.

చెప్పాను.